గుట్టు, రట్టు, మధ్యలో కొన్ని ఇంగ్లీషు మాటలు

మన సంస్థ స్కాలర్‌షిప్ ఫారం చివరి పేజీలో, విద్యార్థి సంతకం చేసే గీతకు పైన, నిరుటి దాకా ఒక ఇంగ్లీషు వాక్యం ఉండేది. మా కుటుంబ వార్షికాదాయం ఇంత అని రాసి ఇచ్చే వాక్యం. అది 'ఐ హియర్‌బై కన్ఫెస్' అంటూ మొదలయ్యేది. రాసింది మేమే, ప్రూఫు దిద్దిందీ మేమే. సాయంత్రం ఇంగ్లీషు తరగతికి వచ్చే ఒక ఇంటర్ అమ్మాయి, తండ్రి లేని పిల్ల, ఆ ఫారం నింపుతూ అక్కడికి వచ్చి కలం ఆపింది.

"సార్, కన్ఫెస్ అంటే నేరం ఒప్పుకోవడం అని మీరే చెప్పారు కదా. మా అమ్మీ మిషను కుట్టి నెలకు ఇంత తెస్తుందని రాయడం నేరం ఒప్పుకోవడమా?" అని అడిగింది.

తరగతిలో ఎవరూ నవ్వలేదు. మాకూ వెంటనే జవాబు తోచలేదు. 'కాదమ్మా, అచ్చుతప్పు' అని దాటవేయవచ్చు. కానీ అది అచ్చుతప్పు కాదు. 'ఒప్పుకుంటున్నాను' అన్న తెలుగు మాటను మనసులో పెట్టుకుని, దానికి నిఘంటువులో దొరికిన మొదటి ఇంగ్లీషు మాటను తెచ్చి అతికించిన ఫలితం. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, దాచిన విషయాన్ని బయటికి చెప్పడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ నల్లబల్ల మీద రాశాం. పదిహేను దాటాయి. తర్వాత మూడు వారాలు వాటితోనే సరిపోయింది. ఆ తరగతికి రాలేనివాళ్లకూ పనికొస్తుందని ఈ వ్యాసం.

ముందు మన ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. తెలుగులో 'వెల్లడించు' అని ఒక మాట ఉంది. రోజూ పేపర్లో చూస్తాం. మంత్రిగారు వెల్లడించారు, కలెక్టరు వెల్లడించారు, వాతావరణ శాఖ వెల్లడించింది. వీటిలో ఏ ఒక్కటీ రహస్యం కాదు. పత్రికల తెలుగులో 'వెల్లడించారు' అంటే 'చెప్పారు' అన్నదానికి తొడిగిన షేర్వానీ, అంతే. మన పిల్లలు దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు 'రివీల్' అని రాస్తారు. 'ద కలెక్టర్ రివీల్డ్ దట్ స్కూల్స్ విల్ రీఓపెన్ ఆన్ మండే.' వ్యాకరణం తప్పు లేదు. కానీ ఇంగ్లీషు బాగా తెలిసినవాడు చదివితే, కలెక్టరుగారు ఇన్నాళ్లు ఈ సంగతి ఎందుకు దాచిపెట్టారా అని అనుమానపడతాడు. అక్కడ 'సెడ్' చాలు, కాస్త గంభీరంగా కావాలంటే 'అనౌన్స్‌డ్'. రంజాను నెలవంక కనబడిందని రుయతె హిలాల్ కమిటీ చెబుతుంది చూడండి, అది 'అనౌన్స్' చేయడం. చంద్రుణ్ణి ఎవరూ దాచలేదు. పరీక్ష ఫలితాలూ అంతే, వాటికి 'అనౌన్స్' గానీ 'డిక్లేర్' గానీ సరిపోతుంది.

రహస్యం అన్నది నిజంగా ఉన్నప్పుడే మిగతా మాటల పని. అప్పుడు కూడా మాట ఎంచుకోవడానికి ముందు మేము పిల్లల్ని రెండు ప్రశ్నలు వేసుకోమంటాం. ఆ రహస్యం ఎవరిది? చెప్పినవాడికి చెప్పే హక్కు ఉందా? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే సగం మాటలు వాటంతట అవే సర్దుకుంటాయి.

'రివీల్'తో మొదలుపెడదాం, ఎందుకంటే అందరికీ తెలిసింది అదే. దీని మూలం లాటిన్. అందులో 'వేలుమ్' అంటే తెర. ఇంగ్లీషు 'వెయిల్' కూడా అక్కడిదే. తెర తొలగించడం 'రివీల్'. మన ఇళ్లలో 'పర్దా ఫాష్ హోగయా' అంటాం కదా, దానిలోనూ తెరే ఉంది. అయితే మన 'పర్దా ఫాష్'లో పరువు పోయిందన్న బాధ ఉంటుంది, 'రివీల్'లో అది లేదు. మంచినీ చెడునూ కూడా 'రివీల్' చేయవచ్చు. చెప్పినవాడికి హక్కు ఉందా లేదా అన్నది కూడా ఈ మాట పట్టించుకోదు. ఎక్స్‌రే విరిగిన ఎముకను 'రివీల్' చేస్తుంది. తవ్వకాల్లో పాత గోడ 'రివీల్' అవుతుంది. చివరికి దైవవాణి అవతరణకు, మనం వహీ అనేదానికి, ఇంగ్లీషులో వాడే మాట 'రివలేషన్'. మానవుడి బుద్ధికి అందని సత్యం మీది తెరను అల్లాహ్ తొలగించడమన్న అర్థంలో. ఒకే మాట అటు ఎక్స్‌రేకీ ఇటు వహీకీ సరిపోయిందంటే దానికి సొంత రంగు తక్కువన్నమాట. అందుకే ఏ మాటా తోచనప్పుడు 'రివీల్' వాడితే పెద్ద ప్రమాదం ఉండదు. మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో మంత్రులు చేసే గోప్యతా ప్రమాణంలో కూడా ఈ మాటే ఉంది. నేరుగా గానీ పరోక్షంగా గానీ ఎవరికీ తెలియజేయను, 'రివీల్' చేయను అని ప్రమాణం చేస్తారు.

'డిస్‌క్లోజ్' వేరు. 'క్లోజ్' అంటే మూయడం, దానికి ఎదురు 'డిస్‌క్లోజ్'. పెట్టె మూత తీసి చూపించడమన్నమాట. ఇక్కడ పెట్టె సాధారణంగా చెప్పేవాడిదే, లేదా తాళం చెవి అతని చేతిలో ఉంది. తన ఇష్టంతోనో, చట్టం అడిగిందనో తెరుస్తాడు. కాబట్టి ఇది ఆఫీసు మాట, కోర్టు మాట, బ్యాంకు మాట. 1997లో కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పని ఆదాయాన్ని బయటపెట్టమని ఒక పథకం తెచ్చింది. దాని పేరులోనే 'వాలంటరీ డిస్‌క్లోజర్' అని ఉంది, అంటే మీ అంతట మీరే తెరిచి చూపించడం. బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బుల్ని 'డిస్‌క్లోజ్' చేయాలి. చేయకపోతే తర్వాత క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో, కక్షిదారు తనతో చెప్పిన మాటను అతని అనుమతి లేకుండా వకీలు 'డిస్‌క్లోజ్' చేయరాదని 126వ సెక్షను చెప్పింది. బారిస్టర్, అటార్నీ, ప్లీడర్ అంటూ ఆ సెక్షనులో వరసగా వచ్చే మాటల్లో మన వకీలు కూడా వకీలుగానే ఉన్నాడు, పేరు మార్చకుండా.

ఒక చిన్న వ్యాకరణం. తెలుగులో 'నాకు చెప్పాడు' అంటాం కాబట్టి పిల్లలు 'హి డిస్‌క్లోజ్డ్ మి ద మేటర్' అని రాస్తారు. అది కుదరదు. 'డిస్‌క్లోజ్' అయినా 'రివీల్' అయినా 'డైవల్జ్' అయినా ముందు విషయం రావాలి, తర్వాత 'టు' పెట్టి మనిషి రావాలి. 'హి డిస్‌క్లోజ్డ్ ద మేటర్ టు మి.' 'టెల్' ఒక్కటే మనిషిని నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

ఇక ఈ పాఠానికి గుండెకాయ లాంటి మాట 'డైవల్జ్'. కొందరు 'డివల్జ్' అని కూడా పలుకుతారు, రెండూ సరే. లాటిన్‌లో 'వుల్గుస్' అంటే జనం, గుంపు. నలుగురిలో పెట్టాల్సింది కానిదాన్ని నలుగురిలో పెట్టడం ఈ మాట పుట్టుకలోనే ఉంది. 'డిస్‌క్లోజ్'లో పెట్టె నాది. 'డైవల్జ్'లో పెట్టె ఇంకొకరిది, దాచమని నాకిచ్చారు. ఉర్దూలో, తెలుగులో మనమంతా వాడే మాట ఒకటుంది, అమానతు. అమానతుగా ఉన్న మాటను బయటపెట్టడం 'డైవల్జ్'. ఇంగ్లీషు నిఘంటువులో వెతికేకన్నా ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మన పిల్లలకు 'డైవల్జ్' ఎప్పటికీ మరుపు రాదు.

దీనికి తరగతిలో మేము చెప్పిన ఉదాహరణ హజ్రత్ అనస్ (రజి) చిన్ననాటిది, సహీహ్ ముస్లింలో ఉంది. ఆయన పిల్లల మధ్య ఆడుకుంటుంటే దైవప్రవక్త (స) వచ్చి ఏదో పని మీద పంపించారు. ఇంటికి రావడం ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమని తల్లి అడిగింది. దైవప్రవక్త పని మీద పంపారన్నాడు. ఏం పని అని అడిగింది. అది రహస్యం అన్నాడు. తల్లి ఇంకోసారి అడగలేదు, సరికదా, దైవప్రవక్త రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని తనే జాగ్రత్త చెప్పింది. పెద్దవాడై, ముసలివాడై, తన ప్రియశిష్యుడికి ఈ సంగతి చెబుతూ కూడా ఆ పని ఏమిటో అనస్ చెప్పలేదు. 'హి డిడ్ నాట్ డైవల్జ్ ఇట్ ఈవెన్ టు హిజ్ మదర్.' ఇక్కడ 'డిస్‌క్లోజ్' పెట్టినా తప్పు కాదు, కానీ ఆ పిల్లవాడు మోసిన బరువు వాక్యంలో తగ్గిపోతుంది. ఇంకో సంగతి గమనించండి. 'డైవల్జ్' ఎక్కువగా 'నాట్'తోనూ 'రిఫ్యూజ్డ్ టు'తోనూ కనిపిస్తుంది. చేయరాని పనికి పుట్టిన మాట కాబట్టి కాబోలు, చేయకపోవడం గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు.

రెండు మాటల మధ్య ఈ తేడాను పండితులు ఎంత జాగ్రత్తగా పాటిస్తారో చూడాలంటే దివ్యఖుర్‌ఆన్ ఇంగ్లీషు అనువాదాలు తెరవండి. తహ్రీమ్ సూరాలో మూడో వాక్యం. దైవప్రవక్త (స) తమ సతీమణుల్లో ఒకరికి ఒక మాట రహస్యంగా చెప్పడం, ఆమె దాన్ని మరొకరికి చెప్పడం, అల్లాహ్ ఆ సంగతి ప్రవక్తకు తెలియపరచడం అందులోని విషయం. ఒకే వాక్యంలో రెండుసార్లు రహస్యం చేతులు మారింది. అబ్దుల్లా యూసుఫ్ అలీ మొదటిదానికి 'డిస్‌క్లోజ్' వాడి పక్కనే నమ్మకంతో అన్న మాట చేర్చారు, రెండోదానికి 'డైవల్జ్' వాడారు. పిక్తాల్ మొదటిదానికి 'కన్‌ఫైడ్' వాడారు, రెండోదానికి ఆయనా 'డైవల్జ్' దగ్గరికే వచ్చారు. ఇద్దరు వేర్వేరు మనుషులు, ఒకరు ఇంగ్లీషు తల్లిభాషగా పుట్టినవారు, ఒకరు బొంబాయి రాష్ట్రంలో పుట్టి నేర్చుకున్నవారు. అయినా రెండో చోట ఒకే మాట ఎంచుకున్నారు.

పిక్తాల్ 'కన్‌ఫైడ్' అన్నారు కదా. నమ్మి చెప్పుకోవడమన్నమాట. మనసు విప్పి చెప్పుకోవడం, కడుపులో మాట చెప్పుకోవడం అని తెలుగులో అంటాం. ఇది ఒకరికొకరు, తలుపు వేసుకుని జరిగే పని. ఇక్కడ మనిషి పక్కన 'ఇన్' వస్తుంది. 'షి కన్‌ఫైడెడ్ ఇన్ హర్ సిస్టర్.' విషయం కూడా చెప్పాలంటే 'టు' వస్తుంది. ఇంటర్వ్యూల్లో కుర్రవాళ్లు 'కాన్ఫిడెంట్', 'కాన్ఫిడెన్షియల్' కలిపేస్తుంటారు. 'ఐయామ్ కాన్ఫిడెన్షియల్' అని చెప్పి వచ్చిన కుర్రవాడు మన తరగతిలోనే ఉన్నాడు. 'నేను రహస్యం' అని చెప్పుకున్నట్టు అయింది పాపం. ఉద్యోగం మాత్రం వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్.

మాట వచ్చింది కాబట్టి ఒక సరదా సంగతి. 'సీక్రెట్' నుంచి వచ్చిన మాటే 'సెక్రటరీ'. యజమాని రహస్యాలు అప్పజెప్పబడినవాడని దాని పాత అర్థం. మన సంస్థ సెక్రటరీగారికి ఈ సంగతి చెబితే, 'నాకు ఎవరూ ఏ రహస్యమూ చెప్పరు, రశీదు పుస్తకాలు మాత్రం ఇస్తారు' అన్నారు.

'బిట్రే' గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, నమ్మకద్రోహం అని అందరికీ తెలుసు. దాని మూలంలో 'అప్పగించు' అన్న అర్థం ఉంది. కోట గుట్టు శత్రువుకు అప్పగించినవాడి మాట అది. ఇంటిగుట్టు లంకకు చేటు అని మనవాళ్లు అన్నది అదే పని. అయితే ఈ మాటకు ఇంకొక ముచ్చటైన వాడుక ఉంది, పిల్లలకు అది తెలియదు. మనిషి దాచుకున్నదాన్ని అతని ముఖమో గొంతో పట్టించేసినప్పుడు కూడా 'బిట్రే' అంటారు. 'హర్ వాయిస్ బిట్రేడ్ హర్ ఫియర్.' పైకి ధైర్యంగా మాట్లాడింది, గొంతు మాత్రం వణికి ఆమె గుట్టు విప్పేసింది. ఇందులో ద్రోహం ఎవరిదీ లేదు, సొంత గొంతుదే.

'ఎక్స్‌పోజ్' దగ్గర కొంచెం ఆగాలి. మన వాడుకలో సినిమాల వల్ల ఈ మాటకు ఒక్క అర్థమే మిగిలిపోయి, తరగతిలో ఈ మాట రాయగానే వెనక బెంచీలు గుసగుసలాడాయి. అసలు అర్థం, మూసి ఉన్న చెడును పదిమంది ముందు పెట్టడం. మోసం, లంచం, కల్తీ, ఇలాంటివాటిని 'ఎక్స్‌పోజ్' చేస్తారు. మంచిని ఎవరూ చేయరు. తెలుగులో బండారం బయటపెట్టడం, ఉర్దూలో భాండా ఫోడ్నా. 'రివీల్'లా ఇది తటస్థం కాదు, దాచినవాడు తప్పు చేశాడన్న తీర్పు మాటలోనే ఉంది.

ఇక్కడే ఒక కుర్రవాడు మంచి ప్రశ్న వేశాడు. "సార్, తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాడి లోపాన్ని అల్లాహ్ ప్రళయదినాన కప్పుతాడని హదీసు ఉంది. మరి ఎక్స్‌పోజ్ చేయడం తప్పు కదా?" అన్నాడు. ఇంగ్లీషు తరగతి కాస్తా దీనియాత్ తరగతి అయింది. మాకు తెలిసినంతలో చెప్పాం. కప్పమన్నది మనిషి తనలో తాను చేసుకున్న పొరపాటును, తూలిన అడుగును. పక్కవాడి సొమ్ము తింటున్నవాడి మోసం ఆ లెక్కలోకి రాదు. నిసా సూరాలో చెడుమాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం కాదని చెబుతూనే, అన్యాయానికి గురైనవాడికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు దగ్గర ఇంగ్లీషు 'ఎక్స్‌పోజ్' సరిగ్గా నిలబడుతుంది. ఆఫీసులో అవినీతి చూసి బయటికి చెప్పేవాణ్ణి ఇంగ్లీషులో 'విజిల్ బ్లోయర్', ఈల వేసేవాడు అంటారు. అతనికి రక్షణగా మన దేశంలో 2014లో చట్టం కూడా వచ్చింది. అదే పనిని పక్కింటివాళ్ల గొడవ విషయంలో చేస్తే ఈల కాదు, గీబతు.

మిగతావి త్వరగా చెప్పేస్తాం. 'లీక్' నీళ్ల మాట, కుండకు చిల్లు పడ్డట్టు. తెలుగులో 'మాట పొక్కింది' అన్నదానికి దగ్గర. ఎవరు చెప్పారో తెలియనప్పుడు ఇది బాగా పనికొస్తుంది, ప్రశ్నపత్రాల విషయంలో మనందరికీ అలవాటైపోయిన మాట. 'లెట్ స్లిప్' అంటే నోరు జారడం, అనుకోకుండా. 'బ్లర్ట్ అవుట్' అంటే ఆపుకోలేక ఒక్కసారిగా కక్కేయడం. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని 'బ్లాబర్‌మౌత్' అంటారు, అది ఇంట్లో మాట, పరీక్షలో రాయకండి. 'టిప్ ఆఫ్' మన ఉప్పందించడం. 'స్పిల్ ద బీన్స్', 'లెట్ ద క్యాట్ అవుట్ ఆఫ్ ద బ్యాగ్' అని చిక్కుడుగింజలు ఒలకబోయడం, సంచిలోంచి పిల్లిని వదలడం కూడా ఉన్నాయి. వీటిని స్నేహితులతో వాడండి. బ్యాంకుకు రాసే ఉత్తరంలో పిల్లిని వదలకండి.

మళ్లీ ఆ అమ్మాయి ప్రశ్న దగ్గరికి వద్దాం. 'అడ్మిట్', 'కన్ఫెస్', 'డిక్లేర్' మూడింటినీ తెలుగులో 'ఒప్పుకోవడం' అనేస్తాం. సాక్ష్య చట్టం మొదటి రెంటినీ విడదీసింది. కేసులో తనకు ఎదురు తగిలే సంగతిని ఒప్పుకోవడం 'అడ్మిషన్', నేరాన్నే ఒప్పుకోవడం 'కన్ఫెషన్'. పోలీసు అధికారి ముందు చేసిన 'కన్ఫెషన్' ముద్దాయి మీద రుజువుగా చెల్లదని 25వ సెక్షను అందరూ ఎరిగినదే. 2024 జూలైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి గానీ ఆ నియమం అలాగే ఉంది. కోర్టు బయట కూడా 'అడ్మిట్' అంటే ఇష్టం లేకుండా, తప్పక ఒప్పుకోవడం. 'కన్ఫెస్' అంటే మనసులో అపరాధభావంతో ఒప్పుకోవడం. చర్చిలో పాదిరీ చెవిలో పాపం చెప్పుకునే ఆచారం కూడా ఈ మాట చుట్టూ ఉంది. మనకు తౌబా అల్లాహ్‌కూ దాసుడికీ మధ్యది, మూడో మనిషి చెవి అక్కర్లేదు. పైగా రాత్రి చేసిన తప్పును అల్లాహ్ కప్పితే తెల్లారి తానే నలుగురికీ చెప్పుకు తిరిగేవాణ్ణి హదీసులో గట్టిగా మందలించారు.

'డిక్లేర్' ఈ రెంటికీ దూరం. అందులో సిగ్గు లేదు, తప్పు లేదు. తలెత్తి స్పష్టంగా చెప్పడం. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు సామానులో ఏముందో 'డిక్లేర్' చేయమంటారు. కలిమా చదవడాన్ని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు విశ్వాసాన్ని 'డిక్లేర్' చేయడమంటారు. తల్లి మిషను కుట్టి సంపాదించే డబ్బుకు కావలసిన మాట ఇదే. ఆ అమ్మాయి అడిగినది భాష గురించి కాదని మాకు అప్పుడే తెలుసు. ఫారం ఇచ్చినవాళ్లు తనను ఏ పీటమీద కూర్చోబెడుతున్నారో చూసుకుంది. ముద్దాయి పీటమీద కూర్చోబెట్టాం.

ఆ సంగతి కమిటీలో చెప్పినప్పుడు ఇంకో చర్చ లేచింది. ఫారంలో మాట మార్చడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఏటా ఈ సంచికలోనే స్కాలర్‌షిప్ పొందిన పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, చెక్కు అందుకుంటున్న ఫోటోలు వేస్తున్నాం. అది ఏ మాట కిందికి వస్తుంది అని అడిగాం. వాళ్లు మనకు 'కన్‌ఫైడ్' చేశారు, మనం 'డైవల్జ్' చేస్తున్నామా? దాతల తరఫున మాట్లాడినవారి వాదన కూడా కొట్టిపారేయలేనిది. డబ్బు ఇచ్చినవారికి అది ఎక్కడికి వెళ్లిందో తెలియాలి, పేర్లు చూపకపోతే రేపు అనుమానాలు వస్తాయి అన్నారు. ఇద్దరు ముగ్గురు పెద్దలు కొంచెం నొచ్చుకున్నారు కూడా.

అప్పుడు మళ్లీ పిక్తాల్ పనికొచ్చారు. మార్మడ్యూక్ పిక్తాల్ మనకు పరాయివాడు కాదు. 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు, 'ఇస్లామిక్ కల్చర్' పత్రిక నడిపారు. ఏడో నిజాం జీతంతో సెలవిస్తే ఆ సెలవులో ఖుర్‌ఆన్ అనువాదం పూర్తిచేసి 1930లో ప్రచురించారు. బఖరా సూరా 271వ వాక్యంలో, దానాలు బహిరంగంగా ఇచ్చినా మంచిదే, గుప్తంగా పేదలకు ఇస్తే మీకు మరింత మేలని భావం. అక్కడ యూసుఫ్ అలీ 'డిస్‌క్లోజ్' అన్నారు. పిక్తాల్ 'పబ్లిష్' అన్నారు. ఆ మాట అప్పట్లో బహిరంగం చేయడమన్న అర్థంలో వాడింది. ఇప్పుడు మనం అచ్చు వేయడమన్న అర్థంలోనే వాడుతున్నాం. సావనీరు వేసే సంస్థకు రెండు అర్థాలూ వర్తిస్తాయి.

ఆ వాక్యం బహిరంగ దానాన్ని తప్పు పట్టలేదు, మంచిదే అంటుంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేయికి తెలియకుండా ఇచ్చినవాడికి ప్రళయదినాన అల్లాహ్ నీడ దొరుకుతుందని ప్రసిద్ధ హదీసు. వీటిలో దాచుకోవడమో చెప్పుకోవడమో ఇచ్చేవాడి ఇష్టం, ఎందుకంటే ఆ పెట్టె అతనిది. దాత తన పేరు వేయమంటే అది 'డిస్‌క్లోజ్' చేయడం, హక్కుగా చేయవచ్చు. తీసుకున్నవాడి పేరు ఇంకొకరి పెట్టెలోది. కమిటీలో మేము చెప్పిన మాట ఇంతే. లెక్కలు పూర్తిగా 'డిస్‌క్లోజ్' చేద్దాం, ఆడిటరు సంతకంతో, ఏ కోర్సుకు ఎంతమందికి ఎంత ఇచ్చామో పైసలతో సహా. పేర్లు 'డైవల్జ్' చేయవద్దు. ఎవరికైనా నిజంగా సందేహం వస్తే ఆడిటరు చూస్తారు, ఫైలు ఆఫీసులో ఉంటుంది.

చర్చ రెండు సమావేశాలు నడిచింది. చివరికి ఒప్పుకున్నారు, అందరూ సంతోషంగా అని చెప్పలేం. ఈ సంచికలో జమాఖర్చుల పేజీలు పెరిగి ఫోటోల పేజీలు తగ్గింది అందుకే. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫోటోలు మాత్రం ఉన్నాయి, వాళ్లనూ ఇంట్లోవాళ్లనూ అడిగి వేశాం. ర్యాంకు 'అనౌన్స్' చేయాల్సిందే కదా.

కొత్త ఫారంలో చివరి పేజీ మారింది. సంతకం పైన వాక్యం 'ఐ డిక్లేర్' అని మొదలవుతుంది. దాని కింద సంస్థ తరఫున ఇంకో వాక్యం చేర్చాం, పై వివరాలను దరఖాస్తుదారు అనుమతి లేకుండా సంస్థ 'డైవల్జ్' చేయదని. ఈసారి ప్రూఫు ఆ అమ్మాయి చేతికే ఇచ్చాం. కామా ఒకటి దిద్దింది. తర్వాత రెండో వాక్యం మీద వేలు పెట్టి, "దీని కింద మా సంతకమే ఉంది, మీ సంతకానికి చోటు లేదు సార్" అంది.

ఇప్పుడు ఉంది. పాత ఫారాలు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ఆఫీసులో ఇచ్చి కొత్తవి తీసుకోవలసిందిగా కోరుతున్నాం.